మంచం కొనేముందు మోకాలిని అడగండి

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అంటారు మన పెద్దలు. వయసులో ఉన్నవాళ్ల విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. రైలుపెట్టెలో సామాను మధ్య కూడా కుర్రవాళ్లు హాయిగా నిద్రపోతారు. కాని యాభై దాటిన తర్వాత నిద్ర సుఖమెరుగుతుంది. మోకాలు ఎరుగుతుంది, నడుమూ ఎరుగుతుంది. ఈ వారం తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చూస్తే ఈ సంగతే గుర్తుకొచ్చింది.

"డాక్టరుగారికి నమస్కారములు. మేము వచ్చే నెల కొత్త ఫ్లాటులోకి మారుతున్నాము. పడకగదులు రెండు. ఒక్కొక్కటి 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. ఒక గదిలో మేమిద్దరం, రెండేళ్ల బాబు. రెండో గదిలో డెబ్భై ఏళ్ల మా అత్తయ్యగారు, ఎనిమిదేళ్ల మా అమ్మాయి పడుకుంటారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, బి.పి. ఉన్నాయి. పాత నవారు మంచం తీసేసి రెండు గదుల్లోనూ లోపల సామాను పెట్టుకునే పెద్ద పెట్టె మంచాలు వేయిద్దామని మావారు అంటున్నారు. అత్తయ్యగారేమో 'నా మంచం జోలికి రావద్దు' అంటున్నారు. ఆరోగ్యరీత్యా ఎవరి మాట సరైనదో తెలుపగలరు."

ఇది వడ్రంగిని అడగవలసిన ప్రశ్న గదా, డాక్టరుతో ఏం పని అని కొందరు నవ్వవచ్చు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

ప్రేమతో కొన్న మంచం

కిందటి వానాకాలంలో ఒకరోజు తెల్లవారుజామున అరవై ఎనిమిదేళ్ల ఆవిడను మా ఆస్పత్రికి తీసుకువచ్చారు. కుడి కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంది. ఎక్స్‌రే తీయకుండానే తెలిసిపోయింది, తుంటి ఎముక విరిగింది. రాత్రి మూడు గంటలకు మూత్రానికి లేచారట. మంచం అంచున కూర్చుంటే కాళ్లు నేలకు అందలేదు. జారి దిగబోయి పక్కకు పడిపోయారు.

మంచం కొత్తది. కొడుకు రెండు నెలల క్రితమే అమ్మ కోసమని మంచి టేకు మంచం, దాని మీదికి ఎనిమిది అంగుళాల స్ప్రింగు పరుపు కొన్నాడు. మంచం చెక్క ఎత్తు 16 అంగుళాలు. పరుపుతో కలిపి 24. ఆవిడ ఐదడుగులకు కాస్త తక్కువ మనిషి. నేల నుంచి ఆవిడ మోకాలి మడత దాకా 15 అంగుళాలే. అంటే అంత వయసులో ప్రతి రాత్రీ రెండుసార్లు ఒక గట్టు ఎక్కి దిగుతున్నారన్నమాట. కొడుకు తల పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. "అమ్మ సుఖంగా పడుకోవాలనే కొన్నానండీ" అన్నాడు. అతని ప్రేమలో లోపం లేదు. కొలతలో ఉంది.

ముసలితనంలో తుంటి విరగడం చిన్న విషయం కాదు. ఆపరేషను చేసినా, ఇలా ఎముక విరిగిన వృద్ధుల్లో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే మరణిస్తున్నట్టు అనేక దేశాల అనుభవం. మంచాన పడితే వచ్చే న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఒంటి పుండ్లు ఇందుకు కారణం. బతికినవారిలోనూ చాలామంది మునుపటిలా నడవలేరు. అందుకే మంచం సంగతి డాక్టరు కూడా మాట్లాడవలసిందే.

మొదటి కొలత: మోకాలు

మంచం ఎవరి కోసమో వారిని చెప్పులు లేకుండా కుర్చీలో కూర్చోబెట్టండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. నేల నుంచి మోకాలి వెనక మడత దాకా టేపు పెట్టి కొలవండి. మన ఆడవాళ్లలో ఇది సాధారణంగా 15, 16 అంగుళాలు ఉంటుంది. మగవాళ్లలో 16, 17. అందరికీ ఇంతే ఉండాలని లేదు గనుక కొలవడమే మంచిది.

మంచం అంచున కూర్చున్నప్పుడు పరుపు అణిగిన తర్వాత ఉండే ఎత్తు ఈ కొలతకు దగ్గరగా ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఒకటి రెండు అంగుళాలు ఎక్కువుంటే లేవడం సులువు. పరుపు అంచు అణగడాన్ని కూడా లెక్కలో వేసుకుంటే, మన ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లకు పరుపుతో కలిపి 17 నుంచి 20 అంగుళాల ఎత్తు సరిపోతుంది.

ఇక్కడే ఎక్కువమంది పొరపడుతున్నారు. దుకాణంలో మంచం చెక్క ఎత్తు మాత్రం చూస్తారు. పరుపు తర్వాత వేరే చోట కొంటారు. పూర్వం రెండు మూడు అంగుళాల దూది పరుపు గనుక ఇబ్బంది ఉండేది కాదు. ఇప్పటి పరుపులు ఆరు, ఎనిమిది, పది అంగుళాలు. పాత మంచం మీద కొత్త పరుపు వేసినా ఇదే చిక్కు. అందుచేత ముందు పరుపు మందం నిర్ణయించుకోండి. మీకు కావలసిన మొత్తం ఎత్తులోంచి దాన్ని తీసేయండి. మిగిలింది మంచం చెక్క ఎత్తు. మొత్తం 19 అంగుళాలు కావాలి, పరుపు ఆరు అంగుళాలు అనుకుంటే, మంచం 13 అంగుళాలు ఉండాలి.

మరీ తక్కువ ఎత్తు మంచాలూ మంచివి కావు. నేలకు జానెడు ఎత్తున ఉండే మంచాలు చూడ్డానికి అందంగానే ఉంటాయి. మోకాళ్లు అరిగినవారు వాటి మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాలి. తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారిని మోకాలి కంటే కిందికి ఉండే ఆసనాల మీద కూర్చోవద్దని సాధారణంగా చెబుతాము. వారికి ఇటువంటి మంచం పనికిరాదు.

ఇప్పటికే ఎత్తు మంచం ఉంటే బెంగపడకండి. వడ్రంగిని పిలిచి నాలుగు కాళ్లూ సమంగా కోయించండి. లేదా పలుచని పరుపు వేయండి. పక్కన పీట వేస్తే సరిపోతుందని కొందరంటారు. చీకట్లో, నిద్రమత్తులో ఆ పీటే జారిపోతుంది, లేదా కాలికి తగులుతుంది. వద్దు. మంచం తక్కువ ఎత్తుగా ఉంటే కాలు ఇమిడేలా గుంట చెక్కిన దిమ్మలు నాలుగింటి కిందా పెట్టించండి. విడి ఇటుకలు పెట్టకండి. ఒకటి కదిలితే మంచమే ఒరుగుతుంది.

పాదం వెనక్కి పోయే చోటుండాలి

మీరొకసారి కుర్చీలోంచి లేచి చూడండి. లేచేముందు మీకు తెలియకుండానే పాదాలను మోకాళ్ల కన్నా వెనక్కి లాక్కుంటారు. శరీరం బరువు పాదాల మీదికి వస్తేనే లేవగలం. నేల దాకా చెక్క మూసి ఉన్న పెట్టె మంచంలో ఆ పాదం వెనక్కి పోదు, మడమ చెక్కకు తగులుతుంది. బలమున్నవారు చేతులతో తోసుకుని లేస్తారు. డెబ్భై ఏళ్ల మనిషి రెండుసార్లు ఊగి, మూడోసారి లేచి ముందుకు తూలుతుంది. మీ అత్తయ్యగారికి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు, కాళ్లే చెప్పి ఉంటాయి.

పెట్టె మంచంలో మరికొన్ని ఇబ్బందులున్నాయి. మంచం కింద చీపురు తిరగదు. గోడ చెమ్మ ఉన్న ఇంట్లో వానాకాలం లోపలి బట్టలకు బూజు పడుతుంది. బొద్దింకలకు, నల్లులకు కాపురం దొరుకుతుంది. బూజు, దుమ్ము ఉబ్బసం ఉన్నవారికి పడవు. పైగా పరుపుతో సహా మూత ఎత్తుతూ నడుము పట్టేసిందని వచ్చే గృహిణులు నాకు తెలుసు. పిల్లల వేళ్లు మూత కింద నలిగే ప్రమాదం కూడా ఉంది. స్థలం లేక తప్పదనుకుంటే పెట్టె మంచం మీ గదిలో వేసుకోండి, పెద్దావిడ గదిలో వద్దు. సొరుగులున్నది మూత ఎత్తేదానికన్నా నయం. కింద మూడు నాలుగు అంగుళాలు లోపలికి నొక్కి కట్టించుకుంటే పాదానికి చోటు దొరుకుతుంది.

గదిలో సుద్దముక్కతో గీయండి

మీ గది 120 అంగుళాల వెడల్పు. ఆరడుగుల వెడల్పు పరుపు వేయాలంటే మంచం చట్రం మరో మూడు నుంచి ఆరు అంగుళాలు ఎక్కువుంటుంది. మధ్యలో వేస్తే ఒక్కో పక్క 21 నుంచి 23 అంగుళాలు మిగులుతుంది. మనిషి తిన్నగా నడవడానికి కనీసం 24 అంగుళాలు కావాలి. చేతికర్రతోనో, వాకరుతోనో నడిచేవారికి 30, 36 ఉంటే మంచిది. అదే ఐదడుగుల పరుపు అయితే పక్కకు 27 అంగుళాలు పైగా దొరుకుతుంది. ఒంటి మనిషికి మూడడుగుల మంచం చాలు. ఇక బీరువా తలుపు తెరుచుకునే చోటు వేరే చూసుకోవాలి.

కాగితం మీద లెక్కలు వద్దనుకుంటే ఒక పని చేయండి. మంచం బయటి కొలతలు తెలుసుకుని, ఖాళీ గదిలో నేల మీద సుద్దముక్కతో గీయండి. లోపల పాత పేపర్లు పరచండి. తలుపు తెరవండి, బీరువా తలుపు ఎంత దూరం వస్తుందో గీయండి. తర్వాత దీపం ఆర్పి, పేపరు తొక్కకుండా స్నానాలగది దాకా నడవండి. పేపరు చప్పుడైన చోటే రేపు మీ కాలి వేలు మంచం కోడుకు తగులుతుంది.

రెండు గోడల మూలకు మంచం నెట్టేస్తే స్థలం కలిసివస్తుంది. కాని జబ్బు చేసినవారికి, వృద్ధులకు రెండు వైపులా మనిషి వెళ్లే వీలుండాలి. పక్క మార్చాలన్నా, ఒత్తిగిలించాలన్నా, రెండు చేతులు అటు నుంచి, రెండు ఇటు నుంచి కావాలి. పెద్దవాళ్లు దిగే వైపే స్నానాలగది ఉండేలా మంచం వేయండి. ఉత్తరం వైపు తల పెట్టకూడదనే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. వైద్యశాస్త్రానికి దానితో తగవేమీ లేదు. మిగిలిన మూడు దిక్కుల్లో దారి సుగమంగా ఉన్న దిక్కు చూసుకోండి.

గట్టి చెక్క మీద పడుకోవాలా?

నడుము నొప్పి వస్తే "బల్ల మీద పడుకో" అని పూర్వం మా డాక్టర్లమే చెప్పేవాళ్లం. 2003లో స్పెయిన్‌లో 313 మంది దీర్ఘకాలపు నడుము నొప్పి రోగులను పరిశీలించి, ఫలితాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. కటిక గట్టి పరుపు మీద పడుకున్నవారి కంటే మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపు మీద పడుకున్నవారికే నొప్పి ఎక్కువ తగ్గింది. కనుక బల్ల శిక్ష అక్కర్లేదు. అలాగని ఊయలలా కుంగే మంచమూ వద్దు.

నవారు మంచం చెడ్డదేమీ కాదు. గాలి ఆడుతుంది, ఎండాకాలం చెమట పట్టదు, ఎత్తి బయట వేసుకోవచ్చు. నవారు వదులైతేనే తంటా. నడుము కిందికి దిగిపోతుంది, లేవబోతే గుంటలోంచి ఎక్కినట్టుంటుంది. కనుక వదులైనప్పుడల్లా బిగించుకోవాలి. నులక మంచానికీ ఇదే మాట. చెక్క పట్టీల మంచమైతే పట్టీల మధ్య సందు మూడు అంగుళాలు మించకుండా చూడండి. లేకపోతే పరుపు సందుల్లోకి కుంగుతుంది. పెద్ద మంచానికి నడుమ ఒక అడ్డపట్టె, దానికింద ఒక కాలు ఉండాలి.

కడుపులో పులుపు ఎగదన్ని రాత్రిళ్లు గొంతు మంటపుట్టేవారు దిండ్లు ఒకదాని మీదొకటి పేర్చుకుంటారు. మెడ నొప్పి పుడుతుంది తప్ప పెద్ద ప్రయోజనం ఉండదు. తలవైపు మంచం కాళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దిమ్మలు పెడితే మేలు. పెట్టె మంచానికి ఈ సదుపాయం లేదు.

దోమలు, నల్లులు, దుమ్ము

మంచానికి దోమతెర కర్రలు నిలిపే ఏర్పాటు ఉందేమో కొనేటప్పుడే చూడండి. తెర అంచును పరుపు కిందికి నొక్కే చోటుండాలి. డెంగ్యూ దోమ పగలు కుడుతుంది గనుక పగలు నిద్రపోయే పసిపిల్లలకు, వృద్ధులకు అప్పుడూ తెర వేయాలి. ఊరి చివర ఇళ్లవారికి ఇంకో మాట. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారినే ఎక్కువగా కాటేస్తుంది. మంచం మీద, పరుపు కిందికి నొక్కిన దోమతెరలో పడుకోవడం దానికీ రక్షణే.

నల్లులు మంచం కీళ్లలో, చీలికల్లో, నవారు మడతల్లో దాగుతాయి. కనుక చెక్కుళ్లు, సందులు ఎక్కువున్న మంచం కన్నా నునుపైనది మేలు. నల్లులు పడితే దుప్పట్లు, గలేబులు బాగా వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయండి. ఇనుప మంచం, నవారు మీద మరిగే నీళ్లు పోయవచ్చు, పిల్లల్ని దూరంగా ఉంచండి. పరుపు మీద పురుగుల మందు చల్లకండి, రాత్రంతా మీరే పీలుస్తారు. మంచానికి కిరసనాయిలు పూయడం నిప్పుతో చెలగాటం.

ఉబ్బసం, తుమ్ములు ఉన్న ఇంట్లో గుడ్డ, స్పాంజి కప్పిన తలాపు బల్ల వద్దు. కంటికి కనిపించని దుమ్ము పురుగులు పరుపుల్లో కాపురముంటాయని, ఉబ్బసానికి వాటికి సంబంధముందని 1960లలో డచ్చి పరిశోధకులు తేల్చారు. తడిగుడ్డతో తుడవగలిగే చెక్క, ఇనుము మంచిది. వారానికొకసారి దుప్పట్లు వేడి నీళ్లలో ఉతకండి.

కొత్త ప్లైవుడ్ మంచం నుంచి ఘాటైన వాసన వచ్చి కళ్లు మండితే అది ఎక్కువగా జిగురులోని ఫార్మాల్డిహైడ్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. భయపడి మంచం పారేయనక్కర్లేదు. వాసన తగ్గేదాకా కొన్ని వారాలు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. గర్భిణులను, పసిపిల్లలను, ఉబ్బసం రోగులను అంతవరకూ ఆ గదిలో పడుకోబెట్టకండి. కోసిన అంచులన్నీ మూసి ఉన్న మంచం కొనండి.

పిల్లల సంగతి

ఏడాదిలోపు పసివాళ్లను గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. చుట్టూ మెత్తని దిండ్లు పేర్చకూడదు. పసివాళ్ల మంచానికి కడ్డీల మధ్య సందు రెండున్నర అంగుళాల లోపే ఉండాలి. లేకపోతే ఒళ్లు సందులోంచి జారి తల ఇరుక్కుంటుంది. మంచానికీ గోడకూ మధ్య పిల్లవాడు దిగబడే సందు ఉంచకండి. అయితే పూర్తిగా ఆనించండి, లేదా మనిషి నడిచేంత దూరం జరపండి. అంతస్తుల మంచం మీద పై పడక ఆరేళ్లలోపు పిల్లలకు వద్దు. మన ఇళ్లలో పైన ఫ్యాను తిరుగుతుంటుంది. పిల్లవాడు లేచి నిలబడితే చెయ్యో తలో ఫ్యానుకు అందే చోట అటువంటి మంచం వేయనే వేయకండి.

తెనాలి సోదరికి

అమ్మా, మీ అత్తయ్యగారి మాటే నెగ్గింది. ఆవిడ మంచం ఆవిడకే ఉంచండి. నవారు బిగించి, కోళ్లు కదలకుండా చేయించి, మూడు నాలుగు అంగుళాల దూది పరుపు వేసి, మొత్తం ఎత్తు ఆవిడ మోకాలితో సరిచూడండి. మీ అమ్మాయికి మూడడుగుల మంచం మరొకటి వేయండి. రెండు మంచాల మధ్య మూడడుగులు దారి విడవండి. తలుపు దగ్గర మసక వెలుతురు దీపం పెట్టండి. నేల మీద జారే చాపలు, పట్టాలు తీసేయండి. బి.పి. మాత్రలు వాడేవారికి హఠాత్తుగా లేస్తే కళ్లు తిరుగుతాయి. మెలకువ వచ్చాక మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, ఆ తర్వాత లేవమనండి.

మీ గదిలో ఐదడుగుల మంచం, పక్కన బాబుకు చిన్న మంచం వేసుకోండి. మావారికి నచ్చజెప్పలేనంటారా? ఈ పేజీ ఆయన కంటబడే చోట పెట్టండి.

ఇంతకీ ఆ అరవై ఎనిమిదేళ్ల ఆవిడ ఏమయ్యారని అడుగుతారేమో. ఆపరేషను జరిగింది. మూడు నెలల తర్వాత వాకరు పట్టుకుని మా ఓ.పి.కి వచ్చారు. కొడుకు మంచం కాళ్లు ఐదు అంగుళాలు కోయించాడట. ఆవిడ నవ్వుతూనే అన్నారు: "డాక్టరుబాబూ, మంచం కాళ్లు ముందే కోసి ఉంటే నా కాలు కొయ్యాల్సిన పని ఉండేది కాదు గదా!"

కొడుకు తల వంచుకున్నాడు. టేపు మీ ఇంట్లోనే ఉంటుంది. ఈ పేజీ మడిచి లేవగానే వెతకండి.